గోడకు కథ, కోకకు లత

కలంకారీని గూర్చి మన సభలలో పొగడ్తయే గాని విమర్శ అరుదు. రంగులు బాగున్నవని చెప్పి ఊరకుందుము. కాని గోడను కప్పు వస్త్రమునకును, మేనిని కప్పు వస్త్రమునకును ధర్మము ఒక్కటియేనా యని అడుగవలసి యున్నది.

శ్రీకాళహస్తి దేవాలయపు తెర గోడపై పరచి చూచుటకు పుట్టినది. నడుమ పెద్ద పటము; చుట్టును వరుసలుగా రామాయణ భారత ఘట్టములు; వాని వెంట తెలుగు అక్షరములు. గుడ్డను కరక్కాయ కలిపిన పాలలో తడిపి ఆరవేయుదురు. పాలలోని జిడ్డు వలన గీత చెదరదు. ఇనుప ముక్కలును బెల్లమును ఊరవేసిన నీరు కరక్కాయ పట్టిన గుడ్డపై నల్లనగును. ఆ నల్లని గీతతోనే బొమ్మయు, అక్షరమును వ్రాయబడును. కావున అక్షరములు అదనపు సొగసు కావు. చూచువానిని చేయి పట్టి ఘట్టము నుండి ఘట్టమునకు నడిపించునవి అవియే.

1950ల చివర కమలాదేవి చటోపాధ్యాయ గారి చొరవతో కాళహస్తిలో శిక్షణ ఏర్పడి, క్షీణించుచున్న ఈ విద్య నిలిచినది. పిదప ఇది చీరలకును వ్యాపించినది. అందు తప్పు లేదు. పనివానికి కూడు దొరకవలెను గదా! కాని చీర కదలును, ముడుచుకొనును. కుచ్చిళ్ళలో రాముని ముఖము సగమై, అంచున హనుమంతుడు పాదములకు తగులుట చూచుచున్నాము. ఒడలికి లతయు, పూవును చాలును. బొమ్మ కావలెనన్న పైటపై నిలుపవచ్చును. మచిలీపట్నపు అచ్చు వస్త్రములు ఈ మర్మమెరిగినవి: లతకు ఆదియు, అంతమును లేవు గనుక ఎచట మడచినను చెడదు.

గోడ తెరకు వచ్చిన కీడు వేరు. నేడు అంగళ్ళలో దొరకు పెక్కు తెరలలో అక్షరములు లేవు. తెలుగు రాని కొనుగోలుదారునకు అవి అక్కరలేదని కాబోలు! బొమ్మలు మిగిలినవి, కథ మూగవోయినది.

తమిళదేశమున మా యింటి గోడపై పాత తెర యొకటి కలదు. మా మనుమరాలికి బడిలో తెలుగు లేదు. ఒకనాడు ఆ తెర యెదుట నిలిచి, వ్రేలితో ఒక్కొక్క అక్షరమే కూడబలుకుకొని 'సీత' యని చదివినది. ఆ తెర మా గోడ బీటలను కప్పుటకై కొన్నది. అది కాపాడినది గోడను మాత్రమే కాదు.

ఇకపై తెర కొనునపుడు రంగు వెలియునా యని అడుగుటకు ముందు, అక్షరములున్నవా యని అడుగుదము.