బురదకూ ఒక ఊరుంటుంది

ప్లాస్టిక్ నమూనా ట్యాంకుకు రంగులన్నీ వేశాక చివర్లో బురద పూయడం చాలామందికి ఒక ముస్తాబు. గోధుమరంగు ముద్ద కలిపి, గొలుసుల మీదా పక్కల మీదా కుంచెతో చిమ్మేసి, ఇక యుద్ధం నుంచి వచ్చినట్టే ఉందని తృప్తిపడతారు. ఈ పద్ధతి తప్పని నా అభిప్రాయం. బురద ముస్తాబు కాదు, సాక్ష్యం. ఆ బండి ఏ నేల మీద నడిచిందో, నీళ్లు దాటిందో లేదో, ఆగి ఎంతసేపయిందో అది చెప్పాలి. బజార్లో దొరికే రంగుపొడుల సీసాల మీద ఐరోపా ధూళి, రష్యా మట్టి అని రాసి ఉంటుంది. మన సైన్యం బండికి అవే పూస్తే సాక్షి చేత అబద్ధం చెప్పించినట్టే. పుదుచ్చేరి వాళ్లకు ఈ తేడా ఒకరు నేర్పనక్కర్లేదు. ఊరికి ఉత్తరాన ఆరోవిల్ మిట్ట ఎక్కితే ఎర్రమట్టి, బాహూరు వైపు వరిమళ్ల జిగట మట్టి, మన ప్రాంతంలోనే భాగమైన యానాంలో గోదావరి ఒండ్రు.

మన చరిత్రలోంచే రెండు బురదలు పక్కపక్కన పెట్టి చూడండి. 1965 సెప్టెంబరులో పంజాబులోని అసల్ ఉత్తర్ దగ్గర మన సైన్యం పొలాలకు నీళ్లు వదిలింది. ఒక్కొక్కటీ 40 టన్నులు దాటిన పాకిస్తాన్ ప్యాటన్ ట్యాంకులు ఆ మెత్తటి నేలలో, చెరకు తోటల మధ్య కూరుకుపోయాయి. అలాంటి ప్యాటన్‌ చేసేవారు బురదను చక్రాల ఇరుసుల పైదాకా నింపాలి. అది గొలుసు సందులన్నీ పూడ్చి, నలిగిన చెరకు ఆకును కలుపుకుని గడ్డకట్టి ఉండాలి. 1971లో తూర్పు బెంగాల్లోకి వెళ్లిన మన పీటీ-76 కథ వేరు. అది సుమారు 14 టన్నుల బండి, నీళ్లలో ఈదుతుంది. ఖాళీ నెయ్యి డబ్బాలా తేలుతుందని సైనికులు దాన్ని పిప్పా అన్నారు. నేల మీద అది మోపే ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు అర కిలో లోపే, కాబట్టి అంత లోతుగా దిగబడదు. పైగా ఏరు దాటుతుంటే నీళ్లే దాని పక్కలను కడిగేస్తాయి. పక్కల మీద పలచని ఒండ్రు చారికలు, గట్టెక్కిన గొలుసు మీద మాత్రం కొత్త తడి బురద ఉండాలి. ఈ రెంటికీ ఒకే సీసా, ఒకే చిమ్ముడు సరిపోతుందనడం రెండు యుద్ధాలనూ ఒకటి చేయడమే.

అంత పట్టింపు ఉంటే ఆ నేల మట్టినే తెచ్చి పూయవచ్చు కదా అంటారు. వినడానికి సబబుగానే ఉంటుంది, కానీ లెక్క కుదరదు. 1:35 కొలతలో అర మిల్లీమీటరు ఇసుక రేణువు 17 మిల్లీమీటర్లు దాటిన కంకరరాయి అవుతుంది. సముద్రపు ఇసుకలో ఉప్పుంటుంది, అది తేమను పీలుస్తుంది. మామూలు మట్టిలో ఆకూ అలమూ ఉంటే మన ఉక్కకు బూజు పడుతుంది. రంగును నేల నుంచి తీసుకోవాలి, రేణువును మాత్రం మెత్తగా నూరిన పొడి నుంచి. ఆరోవిల్ మట్టికి ఎరుపునిచ్చేదీ, జేగురుకు రంగునిచ్చేదీ ఇనుప ఆక్సైడే గనుక ఆ పొడులతో అసలు రంగుకు చాలా దగ్గరగా రావచ్చు. తడిసిన మట్టి ముదురుగా, ఆరినది లేతగా కనిపిస్తుంది. అందుకే ముందు లేత పొర, అది ఆరాక అక్కడక్కడా ముదురు పొర, ఆఖరున తడి ఉండాల్సిన చోట మాత్రమే మెరిసే వార్నిష్. వరస తిరగబడితే నిన్నటి బురద ఇవాళ్టి బురద మీద ఎక్కి కూర్చుంటుంది.

గంటలకొద్దీ వేసిన రంగు బురద కింద పోతుందన్న బాధ ఇంతకంటే బరువైన అభ్యంతరం. అయితే గొలుసు విసిరిన మట్టి ఎక్కడ పడుతుందో ఆలోచిస్తే ఆ బాధ చాలావరకు తీరుతుంది. అది ఎక్కువగా చేరేది చక్రాల చుట్టూ, మడ్‌గార్డుల అడుగున, గొలుసును లాగే పళ్లచక్రం ఉన్న చోట. పైనుండే టరెట్‌కు ధూళీ, ఎక్కిదిగే సైనికుల బూటు గుర్తులూ చాలు. అక్కడి పనితనమంతా కనబడుతూనే ఉంటుంది. గణతంత్ర దినం కవాతు బండిని చేసేవారు మట్టే అంటనివ్వనక్కర్లేదు, అదీ నిజాయితీయే. కారణం లేని బురదే నేను ఒప్పుకోనిది. ఈశాన్య రుతుపవనాలు పట్టాక బాహూరు వైపు వెళ్లి, మడిలోంచి రోడ్డెక్కిన ట్రాక్టరును నాలుగు వైపులా పరీక్షగా చూడండి. సీసా మూత ఆ తర్వాతే తీయండి.