బల్కంపేట యెల్లమ్మ: స్థలకథా విమర్శనము

హైదరాబాదు నగరమున అమీరుపేట, పంజగుట్టలకు చేరువనే బల్కంపేట యెల్లమ్మ పోచమ్మ దేవళము కలదు. ఆషాఢము వచ్చినతోడనే అచ్చటి వీథులు జనముతో నిండిపోవును. ఈ దేవళమును గూర్చి వాడుకలోనున్న కథలు రెండు. ఒకటి ఆ యూరు చెప్పుకొన్నది. రెండవది పురాణములనుండి వచ్చినది. భక్తులు రెంటిని నొక్కటిగా కలిపి చెప్పుకొందురు. అట్లు కలిపి చెప్పుటవలన వచ్చు చిక్కును విచారించువారు తక్కువ. మన యిండ్లలో ఆడుపిల్లలు వినుచున్న కథలు గనుక వీనిని విడదీసి చూడవలెనని మా తలంపు.

మొదట ఊరికథ. సమీపముననే 2017 నుండి మెట్రో రైళ్లు నడచుచున్న యీ తావు పూర్వము పొలముల నడిమి పల్లె. ఒక రైతు తన చేనిలో బావి త్రవ్వుచుండగా అడుగున అమ్మవారి విగ్రహము కంటబడెను. పైకి తీసి గట్టున బెట్టవలెనని చూచెను, అది కదలలేదు. ఊరివారందఱు పట్టినను కదలలేదు. అంతట పెద్దలు, అమ్మ యచ్చటనే యుండ నిశ్చయించుకొన్నది, గట్టున నిలిచి మ్రొక్కుడని చెప్పిరి. కథ యింతే. ఇందు శాపము లేదు, వధ లేదు. నీటికై త్రవ్వినవానికి నీటితోబాటు దేవత దొరకినది. వానకు ముఖము వాచియుండు మెట్టనేలలో బావి పడుటయే దైవానుగ్రహమని యెఱిగిన రైతులు చెప్పుకొనదగిన కథ.

కట్టడము ఈ కథను నమ్మకముగా కాపాడుకొన్నది. సామాన్యముగా మన యాలయములలో దైవము మనకంటె ఎత్తున నుండును. ఈ నగరముననే నౌబత్ పహాడ్ మీద 1976లో వెలసిన బిర్లామందిరమునకు గుట్ట యెక్కి పోవలెను. బల్కంపేటలో దీనికి విపర్యయము. అమ్మవారు నేలమట్టమునకు సుమారు పదియడుగుల లోతున వెల్లకిల శయనించియున్నది. భక్తుడు తల యెత్తి చూడడు, వంచి చూచును. శ్రీరంగమున రంగనాథుడును శయనించియే యున్నాడు గాని ఆయనకు శేషతల్పము కలదు. ఇచ్చట పాన్పు బావియడుగే. ఆ యూటనీరే తీర్థము. ఇంటికి గొనిపోయి చల్లుకొందురు. తరువాత లేచిన గోపురమండపములు అన్నిచోట్ల నుండునట్టివే. వానిని వర్ణించి ప్రయోజనము లేదు. ఈ యాలయమున చూడదగినది ఆ బావియే.

ప్రక్కనే పోచమ్మ. మశూచికమును మన పల్లెలు అమ్మవారని పిలిచినప్పుడు తలచుకొన్నది ఈమెనే. మనదేశమున ఆ వ్యాధి 1975లో నిలిచిపోయెను. 1980లో ప్రపంచారోగ్యసంస్థ అది భూమిమీదనే లేదని ప్రకటించెను. రోగము పోయినను పోచమ్మ మిగిలినదని నవ్వు సంస్కర్తలు కలరు. వారితో మాకు పొత్తు లేదు. బోనమనగా భోజనమే. క్రొత్తకుండలో అన్నము వండి, పసుపుతోను వేపమండలతోను అలంకరించి, పైన దీపముంచి స్త్రీలు నెత్తిన మోసికొని వత్తురు. 2014లో తెలంగాణ ప్రభుత్వము దీనిని రాష్ట్రపండుగగా ప్రకటించినది. వండువారు, మోయువారు, సమర్పించువారు స్త్రీలే యగు పండుగలు మనకెన్ని కలవు?

ఇక పురాణకథ. ఎల్లమ్మయే రేణుక యని, జమదగ్ని భార్య యని, పరశురాముని తల్లి యని చెప్పుదురు. వ్యాసభారత వనపర్వమున రేణుక స్నానమునకు పోయి, చిత్రరథుడను రాజు భార్యతో జలక్రీడలాడుట చూచి మనసు చలించినది. భాగవత నవమస్కంధమున నామె హోమమునకు నీరు తేబోయి, గంగలో చిత్రరథుడను గంధర్వరాజు అప్సరసలతో విహరించుట చూచుచు వేళ దాటించినది. చేసిన పని రెండుచోట్లను చూపు మాత్రమే. దానికి శిక్ష శిరశ్ఛేదము!

ఈ కథలో కవి చేసిన గొప్పపని నలుగురు కొడుకులను నిలుపుట. రుమణ్వంతుడు, సుషేణుడు, వసువు, విశ్వావసువు. తల్లిని చంపుమన్న తండ్రి యాజ్ఞకు భారతమున వారు నోరు మెదపలేదు; శాపమొంది పశుపక్షులవలె జడులైరి. భాగవతమున వారును తల్లితోబాటు హతులైరి. అయిదవవాడు గొడ్డలి యెత్తెను. తండ్రి మెచ్చి వరము వేడుమనగా భారతమున అతడు కోరినవి యివి: తల్లి బ్రదుకవలెను, తాను చంపబడినట్లు ఆమెకు జ్ఞాపకముండరాదు, ఆ పాపము తన్నంటరాదు, అన్నలు మరల మునుపటివారు కావలెను, యుద్ధమున తనకు ఎదురుండరాదు, దీర్ఘాయువు కలుగవలెను. రెండవ, మూడవ వరములకడ చదువరులు కొంచె మాగవలెను. చేసినది ధర్మమేయని అతనికి పూర్తి నమ్మకముండినచో తల్లి దానిని మఱచిపోవలెనని యేల కోరును? పాపము తన్నంటరాదని యేల వేడును? ఆ కోరికలలోనే తీర్పున్నది. కవి దానిని దాచలేదు. చెప్పువారు దాచుచున్నారు. మేము విన్న పెక్కు కథాకాలక్షేపములలో పితృవాక్యపరిపాలనము మిగిలినది, ఆ మఱపు వరము జాఱిపోయినది. ఆడుదాని చూపు ఎంత ప్రమాదమో వర్ణించుటకు మాత్రము ఎవ్వరికిని తీరిక లేకపోలేదు.

పామరులని మనము పేరుపెట్టినవారు ఇంతకంటె ధైర్యము చూపిరి. బైండ్లవారు జమిడిక వాయించుచు ఎల్లమ్మకథ పాడుదురు. ఓరుగంటి యేకవీర యెదుట పరశురాముని కథలు పాడుట క్రీడాభిరామమున వర్ణింపబడుటచే ఇట్టి గానము ఎంత పాతదో తెలియును. జనుల కథలో రేణుక దినదినము ఇసుకతో కుండ చేసి నీరు తెచ్చును. మనసు చెదరిననాడు కుండ నిలువదు. గొడ్డలితో వచ్చు కొడుకునకు ఒక మాతంగి స్త్రీ అడ్డుపడును. ఇద్దఱి తలలు తెగును. బ్రదికించునపుడు తలలు తాఱుమాఱై యతుకును. రాచబిడ్డ తల, మాతంగి మొండెము! ఏ కులమువారిని ఊరు తన బావికడకు రానీయలేదో, ఆ కులపు స్త్రీ దేహమునకే ఊరెల్ల మ్రొక్కుచున్నది. అస్పృశ్యతను గూర్చి మన సభలు చేసిన తీర్మానములలో ఇంత సూటియైనదానిని మేమెఱుగము.

ఇప్పుడు రెండు కథలను ప్రక్కప్రక్కన నుంచి చూడుడు. రెంటను నడుపునది నీరే. పురాణము నీటికడ నిలిచి చూచిన స్త్రీ తల తీయించినది. బల్కంపేట యామెను నీటిలోనే యుండనిచ్చి, మగవారు పదుగురు పట్టినను కదలనిదని చెప్పుకొన్నది. ఊరివారు పురాణమునకు బదులు చెప్పవలెనని యెంచి ఇట్లు కల్పించిరని మేమనము. కాని బావిలోని యమ్మ రేణుకయేయని నమ్మునపుడు ఆ బావి యామె పక్షమున నిలుచుచున్నది. స్థలకథ చెప్పువారు ఈ పొందికను గమనింపక, మంచికథను పొట్టిగా ముగించి, వధకథను పొడిగించుట మా యాక్షేపణము.

ఆక్షేపణ మింతటితో తీరదు. ఆషాఢమున ఇచ్చట సోమవారమునాడు ఎదురుకోలు, మంగళవారమునాడు కల్యాణము, బుధవారమునాడు రథోత్సవము జరుగును. వరుడు జమదగ్ని. తల నఱకుమన్నవానితోనే యేటేట పెండ్లి! పెండ్లికూతురునకు కొడుకు వరముచే జ్ఞాపకము పోయినది. చూడవచ్చిన గృహిణులకును పోవలెనా? కల్యాణము మానుడని మేమనము. వేలకొలది స్త్రీలు తమ కష్టములు విన్నవించుకొను దినమది. వారిలో భర్తల చేతి దెబ్బలు తిన్నవారును లేకపోరు. ఆ దినమున ఈ దాంపత్యమును ఆదర్శమని బోధించుట మాత్రము తగదు.

కథలవలన కీడేమని యడుగువారు జోగినుల సంగతి తలచుకొనవలెను. ఎల్లమ్మ పేరిట బాలికలకు పెండ్లి లేకుండ జేసి ఊరిపాలు చేసిన యాచారము కన్నడదేశపు సవదత్తి ప్రాంతమునను, మన నిజామాబాదు, మహబూబునగరు జిల్లాలలోను వేళ్లుదన్నెను. దీనిని బల్కంపేట దేవళమునకు అంటగట్టుట మా యుద్దేశము కాదు; అమ్మపేరు ఒక్కటియే గనుక చెప్పుచున్నాము. హైదరాబాదున 1911లో మాన్యసంఘము స్థాపించిన భాగ్యరెడ్డివర్మగారు దీనికెదురు పోరాడిరి. తరువాత నిజామాబాదు జిల్లాలో హేమలతా లవణంగారు జోగినులనడుమ పనిచేసిరి. 1988లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ నిషేధచట్టము చేసెను. అట్లు విడువబడినవారిలో మాల మాదిగ కుటుంబముల పిల్లలే మిక్కిలి. కథలో రేణుకకై తల యిచ్చిన మాతంగి కూతుండ్రనే ఊరు రేణుక పేరు చెప్పి బలిగొన్నదన్నమాట. మాతంగిని కథనుండి తొలగించినవారికి ఈ పని సులువైనది.

కావున కల్యాణమునాడు కథ చెప్పు పెద్దలను మేము కోరునది స్వల్పము. బావికథను తీరికగా చెప్పుడు. నలుగురు కొడుకుల పేర్లు పలుకుడు. మఱపు వరమును విడువకుడు. మాతంగిని లోనికి రానిండు. సంస్కృతము రాదని చెప్పుటకు వీలులేదు. పోతనగారి నవమస్కంధము తెలుగుననే యున్నది. రేణుక ఘట్టము చదువుట కొక గడియ పట్టదు.