రిగ్గు మీది చేతులు

చమురు, సహజవాయువు వెలికితీసే ప్రభుత్వ సంస్థ ఓఎన్‌జీసీ 1956లో పుట్టింది. 1974లో చమురు బావులు తవ్వే 'సాగర్ సమ్రాట్' రిగ్గు బొంబాయి హై దగ్గర సముద్రం అడుగున చమురు కనిపెట్టాక దేశానికి ధైర్యం వచ్చింది. ఆ ధైర్యానికి దన్ను రిగ్గు కార్మికుల పనితనమే.

కోనసీమ కొబ్బరితోటల నడుమ రిగ్గు మీద వాళ్లను చూడాలి. ఒంటినిండా బురదతో, ముప్పై అడుగుల పైపుకు మరో పైపు బిగిస్తూ, రాత్రీ పగలూ షిఫ్టుల్లో దిగుతారు. బావిలోకి పంపే బురద బరువును మాటిమాటికీ తూచి చూస్తారు. అది తేలికైతే లోపలి గ్యాసు ఎగదన్నుతుంది. ఆ బురదకు బరువునిచ్చే ముగ్గురాయికి మన మంగంపేట పెట్టింది పేరు.

పొద్దున్నే స్టవ్వు వెలిగించేటప్పుడు ఆ చేతులను ఒక్కసారి తలుచుకుందాం.