భూసమీకరణము: సమ్మతి యెవ్వరిది?

తుళ్లూరు ప్రాంతపు పల్లెలలో 2014 చివరినుండి నలుగురి నోటను నానిన మాట ‘పూలింగు’. ప్రభుత్వపత్రములు దీనినే ‘భూసమీకరణము’ అన్నవి. వ్యాకరణము చదివినవారి కీ పదము కొంత సందేహము కలిగింపక మానదు. సమము కానిదానిని సమముగా జేయుట సమీకరణము; శాస్త్రకారులు దీనిని అభూతతద్భావ మందురు. ఆంగ్లపదమున కీ యర్థము లేదు. పలువురి సొత్తును ఒకచోట జేర్చుట మాత్రమే దాని భావము. అనువాదకుడు తెలిసి చేసెనో తెలియక చేసెనో కాని, ఇందు సమానులైన వారెవ్వరను ప్రశ్నను మన చేతి కిచ్చినాడు. ఆ ప్రశ్నతో ఈ పథకమును, దాని నెదిర్చిన పౌరుల వాదమును గూడ పరిశీలింపదలచితిమి.

రాజధానిస్థలమును విచారించుటకు కేంద్రప్రభుత్వము నియమించిన శివరామకృష్ణన్ సంఘము 2014 ఆగస్టులో నివేదిక నిచ్చినది. విజయవాడ గుంటూరుల నడుమ మహానగరము తగదనియు, సారవంతమైన సేద్యభూమి చెడుననియు, కార్యాలయములను పలుప్రాంతములకు బంచుట మేలనియు దాని యభిప్రాయము. మరుసటి నెలలోనే విజయవాడ పరిసరములు రాజధాని యని ప్రకటన వెలువడినది. పిమ్మట 29 గ్రామములలో 33,000 ఎకరములకు పైగా భూమి సమీకృతమైనది. ఎకరము మెట్ట నిచ్చినవానికి 1,000 గజముల నివాసస్థలమును, 250 గజముల వ్యాపారస్థలమును. జరీబు నిచ్చినచో వ్యాపారస్థలము 450 గజములు. పదియేండ్లపాటు సాలుకు మెట్టకు 30,000, జరీబుకు 50,000 రూపాయల చొప్పున కౌలు, ఏటేట కొంత పెంపు. భూమిలేని పేదకుటుంబమునకు నెలకు 2,500 రూపాయల పింఛను.

ఈ చివరి వాక్యమునొద్ద మేము కొంతసేపు నిలువవలసియున్నది. ఇచటి నల్లరేగడి మెట్టలో పత్తియు మిరపయు పండును. కృష్ణవైపు జరీబులో కొద్ది లోతుననే నీరుండుటచే అరటి, కూరగాయలు, పూలు పండును. మిరపపండ్లు కోయుట, పత్తి తీయుట ముఖ్యముగా స్త్రీలపని. కోతకూలి ఆమె చేతికి వచ్చిన సొమ్ము. ఉప్పు పప్పులకో, బిడ్డ బడిపుస్తకములకో ఆమె యిచ్చవచ్చినట్లు వెచ్చించునది. పింఛను కుటుంబమున కొక్కటి. ఇంట ముగ్గురు కూలికి బోయినను ఒక్కటియే. సమ్మతిపత్రముపై పట్టాదారు సంతకము చేసెను. ఆమెను ఎవ్వరును అడుగలేదు. అడుగవలసిన నియమమును లేదు. కౌలురైతు గతియు నిట్టిదే.

2013 నాటి భూసేకరణచట్టము ఇంత నిర్దయమైనది కాదు. ముందుగా సామాజికప్రభావమును విచారింపవలె ననియు, నష్టపోవు కుటుంబములలో భూమిలేనివారిని గూడ లెక్కింపవలె ననియు, బహుపంటల నీటిభూమిని గత్యంతరము లేనప్పుడే తీసికొనవలె ననియు అది విధించినది. సమీకరణము ‘స్వచ్ఛందము’ అను నొక్క విశేషణముచే ఈ విధులన్నియు ప్రక్కకు దొలగినవి.

ఇక నెదిర్చినవారి మాట. పెనుమాక, ఉండవల్లి, నిడమర్రు రైతులు పలువురు భూమి నీయమని నిలిచి, ఉన్నతన్యాయస్థానము నాశ్రయించిరి. విశ్రాంత ప్రభుత్వకార్యదర్శి ఈ.ఏ.ఎస్. శర్మగారు పర్యావరణదృష్టితో విడువక వాదించిరి. కొండవీటివాగు వరద, నదీతీరము, పంటభూములు జాతీయ హరితన్యాయసభ యెదుట చర్చకు వచ్చెను. 2017 నవంబరులో ఆ సభ షరతులతో అనుమతిని నిలిపినది. ఈ వాదము ధైర్యముగలది, పాండిత్యముగలది. కూలివారిని దలచినవారు అందు లేకపోలేదు. కాని న్యాయస్థానమున ప్రధానముగా వినబడినవి పట్టాదారుని హక్కును, నదియు, వాగును. మిరపచేలో వంగిన మనిషికి అందు దొరకిన చోటు స్వల్పము. మా యభ్యంతరము ఇంతవరకే.

నగరమును కోరిన రైతును నిందించుటకు మాకు నోరాడదు. మిరపధర పడి అప్పులపాలైనవాడు భూమిధర పెరిగెనని సంతోషించుట పాపమా? పట్టణమున నెలజీతము దీసికొనుచు సేద్యము పవిత్రమని బోధించుట మావంటివారికి సులభము.

2019 డిసెంబరులో మూడు రాజధానుల ప్రతిపాదన రాగా, భూములిచ్చినవారు దీక్షలకు గూర్చుండిరి. స్త్రీలు ముందు నిలిచిరి. 2021 నవంబరు 1న తుళ్లూరునుండి తిరుపతికి పాదయాత్ర సాగినది. 2022 మార్చి 3న ఉన్నతన్యాయస్థానము వారి పక్షమున తీర్పు చెప్పినది. ‘నాడు నగరము వలదని, నేడు కట్టుడని యందురా?’ యని పరిహసించినవారు కలరు. నాడు వలదన్నవారు వేరు, నేడు కట్టుడన్నవారిలో పెక్కురు వేరు. ఒకవేళ నిరువురు నొక్కరే యైనను అందు విరుద్ధ మేమున్నది? గట్లు చెరిగి, సరిహద్దురాళ్లు పోయి, చేను పటములో గజములుగా మారినపిదప రైతు తిరిగి పోవుటకు చేనే లేదు. అతనికి మిగిలినది మాట యొక్కటి. దానిని నిలుపుకొనుమనియే యడుగును. కూలిస్త్రీకి ఆ మాటయు నెవ్వరు నిచ్చియుండలేదు.

2025లో నగరనిర్మాణము మరల నారంభమైనది. రెండవవిడత సమీకరణమునకును ప్రభుత్వము పూనుకొన్నది. ఈమారు సంతకములకు ముందే, పట్టాదారుల పట్టీ ప్రక్కను కౌలురైతుల పట్టీయు, కూలికి బోవు స్త్రీల పట్టీయు గ్రామసభలో నుంచవలెను. దానిని వ్రాయుటకు సర్కారు ఉత్తరువుతో పనిలేదు. ఏ యింటినుండి ఎందరు, ఏయే నెలలలో, ఎవ్వరి చేనికి, ఎంత కూలికి బోవుచున్నారో ఆ యూరి బడిలో చదివిన బాలికలే పదిదినములలో వ్రాసి పెట్టగలరు.