రక్షణ నిశ్చయత, తీరని అనుమానము: జాన్ బన్యన్ ఆత్మకథపై ఒక పరిశీలన

తెలుగు విశ్వాసులకు జాన్ బన్యన్ అనగానే జ్ఞాపకము వచ్చేది 'యాత్రికుని ప్రయాణము'. 1678లో వెలువడిన ఆ గ్రంథమునకు పన్నెండేండ్ల ముందు, 1666లో, బెడ్‌ఫర్డ్ చెరసాలలో ఉన్న కాలములోనే ఆయన తన ఆత్మకథను ప్రచురించాడు. 'గ్రేస్ అబౌండింగ్ టు ది చీఫ్ ఆఫ్ సిన్నర్స్' అనే దాని పేరులో రోమా 5:20, 1 తిమోతి 1:15 కలిసి వినిపిస్తాయి. సెమినరీ తరగతులలో దీనిని సాధారణముగా మారుమనస్సు సాక్ష్యముగా పరిచయము చేస్తారు. పాపి, ఒప్పుదల, శోధన, విజయము అనే వరుసలో చెప్పి ముగిస్తారు. ఈ పఠనము తప్పు కాదు గాని, గ్రంథములో చాలా భాగమును అది దాటిపోతుంది. బన్యన్ ఎక్కువ పుటలు ఖర్చు చేసింది విజయము మీద కాదు. వెళ్లగొట్టిన కొలది తిరిగివచ్చిన తలంపుల మీద.

ఓసీడీ అని వైద్యులు పిలిచే అబ్సెసివ్ కంపల్సివ్ డిజార్డర్‌ను మన ఇండ్లలో 'చాదస్తము' అని తీసిపారేస్తాము. కొళాయి దగ్గర చేతులు పదే పదే కడుగుకొనేవారు, వేసిన తాళమును నాలుగుసార్లు వెనక్కి వచ్చి లాగి చూచేవారు మన కంటికి కనబడతారు. కనబడని రూపము కూడా ఒకటి కలదు. రోగి కోరని, అసహ్యించుకొనే తలంపు ఒకటి మనస్సులోనికి చొరబడుతుంది. ఆ భయమును తగ్గించుకొనుటకు అతడు ప్రార్థనను మొదటి నుండి మరల చేస్తాడు, లోలోపల ఎదురుమాట చెప్పుకొంటాడు, ఒప్పుకొన్న పాపమునే మరల ఒప్పుకొంటాడు, కాపరిని మరల అడుగుతాడు. కొద్దిసేపు నెమ్మది కలుగుతుంది. ఆ నెమ్మదికి అలవాటుపడిన మనస్సు అనుమానమును మరింత బలముగా తిరిగి రప్పిస్తుంది. తలంపులు దేవుని గూర్చి, పాపమును గూర్చి అయినప్పుడు ఈ రూపమును స్క్రుపులాసిటీ అంటారు. మనము 'మనస్సాక్షి పీడ' అనవచ్చును.

బన్యన్‌ను ఈ కోణములో చూచుట కొత్త కాదు. 1894లో జొసయా రాయిస్, 1902లో విలియం జేమ్స్ ఆయన అనుభవమును మనస్తత్వ శాస్త్ర దృష్టితో పరిశీలించారు. మూడున్నర శతాబ్దముల క్రితపు మనిషికి నేడు రోగనిర్ధారణ చేయలేము. అయినను ఆయన వర్ణించినదాని ఆకారమును గుర్తుపట్టవచ్చును. ఎన్నిక సిద్ధాంతమే ఆయనను బాధించినదని కొందరు వాదిస్తారు. ఈ వాదము నాకు సరిగా తోచదు. 1522లో మన్రేసాలో ఉన్న ఇగ్నేషియస్ లొయోలాకు ఆ సిద్ధాంతము లేదు. ఆయనయు ఒప్పుకొన్న పాపములనే మరల మరల ఒప్పుకొనుచు నలిగిపోయాడు. సిద్ధాంతము వ్యాధికి మాటలు ఇస్తుంది గాని, వ్యాధిని పుట్టించదు.

గ్రంథములోని గంటల సంఘటన చూడండి. ఆలయపు గంటలు మ్రోగించుట వ్యర్థమైన ఆటయని తలచి బన్యన్ దానిని మానుకొన్నాడు, కాని చూడకుండా ఉండలేకపోయాడు. గంట మీద పడుతుందేమోనని దూలము క్రింద నిలిచాడు. పడిన గంట గోడకు తగిలి తన మీదికి వస్తుందేమోనని గుమ్మములోనికి జరిగాడు. గోపురమే కూలుతుందేమోనని చివరకు పారిపోయాడు. ఒక జాగ్రత్త మరొక జాగ్రత్తను కోరుతుంది. తరువాత క్షమింపబడని పాపమును గూర్చిన భయము వచ్చింది. దూషణ మాట నోటి నుండి జారుతుందేమోనని గడ్డము క్రింద చెయ్యి పెట్టి నోరు మూసుకొనవలెనని అనిపించేదట. క్రీస్తును అమ్మివేయుమనే తలంపు సుమారు ఒక సంవత్సరము వెంటాడింది. సూది తీసుకొనుటకు వంగినా, కట్టె నరికినా అదే. భోజనమునకు కూర్చుంటే, ఇప్పుడే లేచి ప్రార్థించాలనే ఒత్తిడి కలిగేది. ఈ ఒత్తిడి పరిశుద్ధత వేషము వేసుకొన్నదని బన్యన్ తానే గుర్తించాడు. ప్రార్థన సయితము వ్యాధికి పనిముట్టు కాగలదని ఇంత స్పష్టముగా చెప్పిన పుటలు భక్తి సాహిత్యములో అరుదు.

మన పరిచర్యకు మిక్కిలి అవసరమైన భాగము ఆయన పొందిన సలహాలను గూర్చినది. పరిశుద్ధాత్మకు విరోధముగా పాపము చేశానేమోనని ఒక వృద్ధ విశ్వాసితో చెప్పగా, తనకును అట్లే తోస్తున్నదని ఆ పెద్దమనిషి బదులిచ్చాడు! ఇది క్రూరమైన తప్పు, అందరమూ ఒప్పుకొంటాము. సున్నితమైన తప్పు మరొకటి ఉన్నది. బన్యన్ గౌరవించిన కాపరి జాన్ గిఫర్డ్, ఏ సత్యమును మనుష్యుని మాట మీద అంగీకరింపక దేవునియొద్ద రూఢి చేసికొనుమని బోధించేవాడు. ఆరోగ్యవంతునికి ఇది మేలైన ఉపదేశమే. అనుమానముతో నలుగుచున్నవానికి మాత్రము ప్రతి వాక్యమునకు పరలోకపు ముద్ర వెదకుమన్నట్లయింది. 2 కొరింథీ 12:9లోని వాగ్దానము మనస్సుకు తట్టినప్పుడు, అందులో తనను ఉద్దేశించిన పదము రాలేదని బన్యన్ వారాల తరబడి వేచియున్నాడు. ఆ పదముతో సహా వచ్చినప్పుడు సంతోషించాడు గాని, ఆ సంతోషమును తరువాతి అనుమానము మింగివేసింది.

మన దగ్గర క్రొత్త సంవత్సరపు ఆరాధనలో వాగ్దానపు కార్డు తీసుకొనుట ఉన్నది. చాలామందికి అది ఆదరణ. వచ్చిన వాక్యము తనకు తీర్పేమోనని రాత్రంతా నిద్రపోని విశ్వాసి కూడా ఆ వరుసలో నిలిచి ఉండవచ్చును. 1 కొరింథీ 11:27-29 విని ప్రభువు బల్లకు నెలల తరబడి దూరమైనవారిలో కొందరు ఇట్టివారే. వారికి మరియొక ఆత్మపరీక్ష ప్రసంగము మేలు చేయదు.

మరి బన్యన్‌కు ఉపశమనము ఎక్కడ కలిగింది? విమర్శకులు సాధారణముగా 229వ పేరాను చూపుతారు: పొలములో నడుచుచుండగా, తన నీతి పరలోకములో క్రీస్తే గనుక, తన హృదయస్థితి బాగున్నా చెడినా అది పెరగదు, తరగదు అని గ్రహించిన ఘట్టము. అది నిజమే. నా దృష్టిలో దానికి కొంచెము ముందున్న భాగము కూడా అంతే ముఖ్యము. హెబ్రీ 6, 10, 12 అధ్యాయములలోని భయంకర వాక్యములను అంతవరకు ఆయన కన్నెత్తి చూడలేకపోయాడు. అవి బైబిలులో లేకుంటే బాగుండునని సయితము అనుకొన్నాడు. అప్పుడు ధైర్యము తెచ్చుకొని వాటి దగ్గరకు వెళ్లి, చదివి, వాటి ఉద్దేశమేమో తూచి చూచాడు. ఏశావును గూర్చిన మాట తన మీద మోపిన తీర్పు కాదని తేలింది.

1966లో లండన్‌లో విక్టర్ మేయర్ ప్రచురించిన కృషి నుండి ఎదిగిన చికిత్స ఇటువంటి దారినే క్రమపద్ధతిలో నడిపిస్తుంది. ఎక్స్‌పోజర్ అండ్ రెస్పాన్స్ ప్రివెన్షన్ అని దానికి పేరు. రోగి భయపడే దానికి మెట్టు మెట్టుగా దగ్గరవుతాడు, అయితే నెమ్మది కొరకు చేసే క్రియను చేయకుండా ఆగుతాడు. మంచి చికిత్సకుడు విశ్వాసిని పాపము చేయమనడు. అనిశ్చయతను భరించుట నేర్పుతాడు. ఫ్లూయోక్సెటిన్, సెర్ట్రాలిన్ వంటి మందులు కూడా వాడతారు. వాటి ఫలితము పూర్తిగా కనబడుటకు ఎనిమిది నుండి పన్నెండు వారములు పట్టవచ్చును. మధ్యలో మందు మాన్పించి విశ్వాసమును పరీక్షించే కాపరి హాని చేస్తాడు. ఈ చికిత్సను కాపరి తానే చేయబూనుట కూడా తగదు. ఎక్కడికి పంపాలో తెలియనివారు 2022లో ప్రారంభమైన ప్రభుత్వ టెలిమానస్ సేవను 14416 నంబరులో తెలుగులోనే సంప్రదించవచ్చును.

కాపరి చేయగలిగినది వేరే ఉన్నది. మార్కు 3:28-30ను గూర్చి ఒకసారి స్పష్టముగా, తొందరపడక బదులు చెప్పాలి. అదే ప్రశ్న పదవసారి వచ్చినప్పుడు పదవసారి అభయమిచ్చుట దయగా కనబడును గాని, అది రోగి చేసే ప్రార్థనల పునరుక్తిలో మనమును ఒక భాగమగుట. "తమ్ముడూ, దీనికి నేను జవాబు చెప్పాను. నీ భయము నిజమైన బాధ అని నాకు తెలుసు. మరల చెప్పను, నీతో కూర్చుంటాను" అనుటకు ఎక్కువ ప్రేమ కావాలి. కుటుంబమునకు కూడా ఇది ముందుగా వివరించాలి, లేకుంటే మన మౌనమును వారు కఠినత్వముగా తీసుకొంటారు.

గ్రంథమునకు ఒక లోపము లేకపోలేదు. చొరబడిన తలంపులన్నిటిని బన్యన్ నేరుగా సాతానుకు అప్పగిస్తాడు. ఆ కాలమునకు అది సహజము. నేటి పాఠకుడు దానినే రోగనిర్ధారణగా తీసుకొంటే, బాధితుని విడుదల కూటముల వెంట త్రిప్పే ప్రమాదమున్నది. అయితే తన కథను చక్కదిద్దకుండా విడిచిపెట్టిన నిజాయితీ ఈ లోపమును కొంత సరిచేస్తుంది. పరిచర్యను గూర్చిన భాగములో, ప్రసంగించుచుండగానే దూషణ తలంపులు మీదపడి, సంఘము ఎదుట వాటిని పలకాలనే ఒత్తిడి కలిగేదని ఒప్పుకొంటాడు. ప్రసంగము మాత్రము మానలేదు. గ్రంథము చివర, ఆ దినము వరకు తన హృదయములో మిగిలియున్న ఏడు హేయమైనవాటిని వరుసగా వ్రాస్తాడు. వాటిలో మొదటిది అవిశ్వాసమువైపు మొగ్గు. ప్రార్థనలో మనస్సు చెదరుట, చల్లబడుట కూడా అందులో ఉన్నవి.