ఎముక అడుగు గడువు

తెల్లవారుజామున బొబ్బిలి నుండి సాలూరు పోవు రోడ్డున నడచువారికి, చీకటి విడకముందే పరుగు మొదలిడిన యువకులు గుంపులుగా ఎదురగుదురు. సైన్యములోనో పోలీసుశాఖలోనో ఉద్యోగము సంపాదించి ఇంటి భారము తలకెత్తుకొనవలెనన్న దీక్షయే వారిని ఆ వేళకు లేపుచున్నది. కానిస్టేబులు ఎంపికలో పురుషులు 1600 మీటర్లను 8 నిమిషములలోపల ముగింపవలెను. సైన్యమున ఇంచుమించు అంతే దూరమును అయిదున్నర నిమిషములలో దాటినవారికి పూర్తి మార్కులు. నోటిఫికేషను తరుముచుండగా, వయఃపరిమితి దగ్గరపడుచుండగా, ఒక్కదినము పరుగు మానుటయు వారికి అపరాధముగా తోచుటలో వింత లేదు. అయినను వారి మేలు కోరియే, దినము విడిచి దినము పరుగెత్తుడని చెప్పుచున్నాను.

క్రొత్తగా పరుగునకు పూనినవానికి మొట్టమొదట లొంగునది ఊపిరి. కొలది వారములలోనే ఆయాసము తగ్గి, ఎంత దూరమైనను పోగలమను ధైర్యము కలుగును. ఎముకలును, కండరములను వానికి బంధించు స్నాయువులును అంత త్వరగా బలపడునవి కావు. తాకిడి తగిలిన ఎముక తన జీర్ణభాగమును ముందు తొలగించుకొని, పిమ్మట క్రొత్త భాగమును నిర్మించుకొనును. తొలగింపునకు వారములు చాలును, నిర్మాణమునకు నెలలు పట్టును. మట్టిగోడ పెట్టువాడు ఒక వరుస ఆరినగాని రెండవ వరుస ఎత్తడు గదా! ఆ గడువు దొరకక తాకిడి తగులుచునే యున్న ఎముక చిట్లును. 1855లో బ్రైట్‌హౌప్ట్ అను ప్రష్యా సైనికవైద్యుడు, దూరపు నడకలతో పాదములు వాచి బాధపడు సైనికులను గూర్చి వ్రాసెను. అది ఎముక పగులుటయని ఎక్స్‌రే వచ్చిన పిమ్మటగాని తేటపడలేదు.

కావున పరుగెత్తువాడు తన కాలిని తానే పరీక్షించుకొన నేర్వవలెను. మోకాటిక్రింది పెద్ద ఎముక లోపలి అంచును బొటనవ్రేలితో పైనుండి క్రిందికి నొక్కుచు రాగా, నొప్పి జానెడు మేర వ్యాపించియున్నచో పరుగు తగ్గింపవలెను. వ్రేలికొనంత తావుననే చురుక్కుమన్నను, రాత్రి పడుకొన్నపుడును సలుపుచున్నను, పరుగు పూర్తిగా మాని వైద్యుని చూడవలెను. అచట ఎముక చిట్లినచో రెండు నెలలైనను మైదానము మొగము చూడరాదు. ఈలోపల ఎంపిక దాటిపోవచ్చును. వైద్యమునకు అప్పు చేయవలసిన ఇంటి బిడ్డకే ఈ నష్టము మిక్కిలి బరువు.

తల్లిదండ్రులారా, విరామదినమున పరుగునకు పోని కుమారుని సోమరియని నిందింపకుడు. కడుపునిండ తిననిండు, కంటినిండ నిద్రింపనిండు. శిక్షణనిచ్చు పెద్దలారా, పరుగు దినములతోపాటు విరామదినములను గూడ మీ పట్టికలో వ్రాసి, వానిని పాటించుచున్నారో లేదో కనిపెట్టుడు. పిల్లలు తమంతట తాము ఆగరు, ఆపవలసినవారు మీరే.