బ్రాకెట్ తెరవగానే

‘తెచ్చాడు’ అని ఒక్క మాట అని ఆగండి. వినేవాడు ఆగడు. ఎవరు, ఏమిటి, ఎక్కణ్ణుంచి అని లోపల ఆరాటం మొదలవుతుంది. క్రియ తనకు కావలసిన మాటల కోసం ఇలా చెయ్యి చాచడాన్నే మన పాత శాస్త్రాలు ఆకాంక్ష అన్నాయి. కోడ్ ఎడిటర్లో ఫంక్షన్ పేరు కొట్టి బ్రాకెట్ తెరిచిన ప్రతిసారీ నాకు ఆ మాటే గుర్తొస్తుంది. తెరిచిన బ్రాకెట్ చాచిన చెయ్యే. దాని పక్కనే ఓ చిన్న పెట్టె తేలి, ఈ ఫంక్షన్‌కి ఏమేం ఆర్గ్యుమెంట్లు కావాలో, ఏ వరసలో కావాలో చూపిస్తుంది. రోజంతా కళ్లముందే ఉండే ఆ పెట్టెని తేరిపార చూసేవాళ్లు తక్కువ. నేను చూస్తాను, ముచ్చటపడి చూస్తాను.

తెలుగులో మాటల వరస మారితే కొంప మునగదు. ‘అన్న తమ్ముడికి పుస్తకం ఇచ్చాడు’ అన్నా, ‘పుస్తకం తమ్ముడికి ఇచ్చాడు అన్న’ అన్నా పుచ్చుకున్నది ఎవరో ఆ ‘కి’ చెప్పేస్తుంది. సీ భాషకు విభక్తులు లేవు. అక్కడ మాట ఏ స్థానంలో కూర్చుంటే అదే దాని అర్థం. మెమ్‌సెట్‌నే తీసుకోండి. ముందు మెమరీలో చోటు, తర్వాత అందులో నింపాల్సిన విలువ, చివర ఎన్ని బైట్లు. ఆఖరి రెండూ అంకెలే కనుక తారుమారు చేసి రాసినా వ్యాకరణం ఒప్పుకుంటుంది. ‘సున్నాతో నింపు’ అనబోయి ‘సున్నా బైట్లు నింపు’ అన్నట్టవుతుంది. ప్రోగ్రాం నడుస్తుంది, పాత చెత్త మాత్రం ఎక్కడిదక్కడే ఉంటుంది. పీహెచ్‌పీది వెతికే ఫంక్షన్లలో ఇంకో తమాషా. స్ట్ర్‌పాస్‌కి ముందు గడ్డివామి ఇచ్చి తర్వాత సూది ఇవ్వాలి, ఇన్-అర్రేకి ముందు సూది, తర్వాత గడ్డివామి. నేనేదో అలంకారానికి అంటున్నాననుకోకండి, ఆ భాష మాన్యువల్లో ఆ ఆర్గ్యుమెంట్ల పేర్లే అవి, ‘హేస్టాక్’, ‘నీడిల్’ అని. ఇవన్నీ ఎవరు కంఠస్థం చేస్తారు? విభక్తులు లేని భాషకు ఆ చిన్న పెట్టె విభక్తులు అప్పిస్తుంది.

సొగసంతా కామా దగ్గరుంది. మెమ్‌కాపీ అని రాసి బ్రాకెట్ తెరుస్తాను. పెట్టెలో మొదటి పేరు ‘డెస్ట్’ ముదురుగా కనిపిస్తుంది. గమ్యం రాసి కామా కొడతాను. ఆ ముదురుతనం దాని మీంచి లేచి రెండోదాని మీద వాలుతుంది. మరో కామా, మూడోదాని మీదికి. అక్కడ అంకె వేయకుండా, పొడవు లెక్కపెట్టే స్ట్ర్‌లెన్‌ని పిలుస్తాను. లోపలి బ్రాకెట్ తెరుచుకోగానే పెట్టె మొత్తం మారిపోయి స్ట్ర్‌లెన్ సంగతి ఎత్తుకుంటుంది. అది మూసేశానో లేదో మళ్లీ మెమ్‌కాపీ వచ్చేస్తుంది, అదీ మొదట్నించి కాదు, సరిగ్గా మూడో ఆర్గ్యుమెంట్ దగ్గరికే. పిట్టకథ చెప్పి, వదిలిన చోటే అసలు కథ అందుకునే హరిదాసు నేర్పు అది.

ఈ నేర్పు వెనక ఇద్దరున్నారు. 2016లో బయటికొచ్చిన లాంగ్వేజ్ సర్వర్ ప్రోటోకాల్ పద్ధతిలో ఎడిటర్ వేరు, భాష తెలిసిన సర్వర్ వేరు. ఏ అక్షరం పడితే తనను పిలవాలో సర్వరే ముందుగా చెప్పి ఉంచుతుంది, మామూలుగా తెరిచే బ్రాకెట్, కామా. పిలిచినప్పుడు ఫంక్షన్ రూపాన్నీ, కర్సర్ ఇప్పుడు ఎన్నో ఆర్గ్యుమెంట్ మీద ఉందో ఆ లెక్కనూ పంపుతుంది. మొదట్లో ముదురు చేయాల్సిన ముక్కని మాటగా పంపేవారు, ఎడిటర్ దాన్ని వరుసలో వెతుక్కోవాలి. మెమ్‌కాపీ మూడో ఆర్గ్యుమెంట్ పేరు ఒంటి అక్షరం, ‘ఎన్’. గుడ్డిగా వెతికితే ముందు తగిలేది ‘కాన్‌స్ట్’ అనే మాట కడుపులో ఉన్న ఎన్. అందుకని తర్వాతి రూపంలో, ఇన్నో అక్షరం నుంచి ఇన్నో అక్షరం దాకా అని అంకెలు పంపే వీలు చేర్చారు. ఒక్క అక్షరం సరైన చోట వెలగడానికి ఇంత పట్టింపు! పద్యంలో యతి కుదరలేదని రాత్రంతా మేలుకునే వాళ్ల జాతే ఇదీ.

చూపించడంతో ఆగకుండా రాసిపెట్టడం తర్వాతి మెట్టు. ఫంక్షన్ ఎంచుకోగానే ఆర్గ్యుమెంట్ల పేర్లన్నీ ఖాళీ గళ్లలా పడతాయి, ట్యాబ్ నొక్కుతూ ఒక్కోటి నింపుకోవాలి. నాకిది అంతగా నచ్చదు. అక్కర్లేని గడిని చెరపడం రాయడం కంటే విసుగు. గో భాష సర్వర్ ఈ సదుపాయాన్ని మనం అడిగితే తప్ప ఇవ్వదు, ఆ మర్యాద బాగుంది. ఎక్లిప్స్ ఎడిటర్ మాత్రం జావా కోసం ఇంకో అడుగు వేసింది. ఖాళీ పేరుకు బదులు ఊహించి తెచ్చిన విలువ పెట్టమంటే పెడుతుంది. టైప్ కుదరాలి, ఆ చోట అందుబాటులో ఉండాలి. ఆకాంక్ష పక్కన శాస్త్రం చెప్పిన మిగతా రెండూ ఇక్కడ దొరుకుతాయి. ‘నిప్పుతో తడిపాడు’ అంటే మాటలన్నీ ఉన్నా పొసగదు, అది యోగ్యత లోపం. పొసిగేవాటిలోంచి చేరువలో ఉన్నదాన్ని అందించడం సన్నిధి. పద్యనాటకంలో పక్కతెర చాటున నిలబడి మాట అందించే ప్రాంప్టర్ కూడా చేసేది ఇంతే, పద్యం మాత్రం తాను పాడడు. అయితే మెమ్‌సెట్ లాంటి చోట రెండూ అంకెలే అయినప్పుడు యోగ్యత కూడా చేతులెత్తేస్తుంది, పేరొక్కటే దిక్కు.

ఆ పేర్లని లైన్లోనే, ప్రతి విలువ ముందూ బూడిదరంగులో చూపే పద్ధతి ఇప్పుడు వాడుకలో ఉంది. మొదట చూసినప్పుడు పేజీ నిండా చీమలు పట్టినట్టనిపించింది. కానీ రస్ట్ సర్వర్ చేసే చిన్న పని చూశాక మెత్తబడ్డాను. నేనిచ్చిన వేరియబుల్ పేరూ ఆర్గ్యుమెంట్ పేరూ ఒకటే అయితే అక్కడ ఏమీ చూపదు. చెప్పినమాటే మళ్లీ చెప్పకపోవడం. ఆలంకారికుడు క్షేమేంద్రుడు చూసి ఉంటే ఔచిత్యం ఖాతాలో రాసుకునేవాడు.

పాపం, ఈ పెట్టె మూగబోయే చోట్లూ ఉన్నాయి. పైథాన్‌లో మ్యాట్‌ప్లాట్‌లిబ్ అనే గ్రాఫుల లైబ్రరీ తెరిచి ప్లాట్ అని రాసి బ్రాకెట్ వేస్తాను. గీత రంగు ఏ పేరుతో ఇవ్వాలి, మందం ఏ పేరుతో ఇవ్వాలి అని చూస్తే అవన్నీ రెండు నక్షత్రాలూ ‘క్వార్గ్స్’ అనే మాటా వెనక మూటగట్టి ఉన్నాయి. ఏదైనా ఇవ్వొచ్చు అంటుంది ఫంక్షన్. ఏదైనా అంటే ఏమిటో పెట్టెకీ తెలీదు. కర్సర్‌ని అక్కడే మిణుకుమిణుకుమంటూ వదిలేసి, పక్క కిటికీలో మాన్యువల్ తెరుస్తాను.